జీన్సు కుర్చీ, లక్ష వత్తులు

పుట్టబోయే బిడ్డకి ముందుగా ఏమీ కొనకూడదన్నది మా అత్తయ్య చట్టం. ఉయ్యాల సంగతి సరే, బొంత కుట్టుకోడానికి దారపుండ కూడా కొనకూడదు. బిడ్డ భూమ్మీద పడి, కేరుమని ఏడ్చి, బొడ్డు కోశాక అప్పుడు బజారుకి పరిగెత్తాలి. అంతవరకూ ఇంట్లో ఆ ఊసే ఎత్తకూడదు. నాకేమో ఎవరైనా వద్దంటే ఆ పని చేసేదాకా కాలూ చెయ్యీ ఆడదు. చిన్నప్పటి నుంచీ అంతే. హైస్కూల్లో లెక్కలు చెప్పే టీచర్ని, అప్పటికి ముప్పై ఆరేళ్లదాన్ని, ఆరో నెల కడుపుతో ఉన్నదాన్ని, అయినా ఆ బుద్ధి మారలేదు.

నరసరావుపేటలో మా ఇంట్లో ఉండేది ముగ్గురం. నేను, ఆర్టీసీ డిపోలో పనిచేసే మా ఆయన, మా అత్తయ్య. అత్తయ్యది గురజాల దగ్గర పల్లె. అక్కడ ఆవిడకి కాస్త చేనుంది, ఒక పక్క పత్తి, ఒక పక్క మిరప. వారానికి రెండు రోజులు బస్సెక్కి వెళ్లి, కౌలుకి చేసే మనిషితో తనివితీరా పోట్లాడి, కళకళలాడుతూ తిరిగొస్తుంది. మా అమ్మ లేదు. పురిటికి పుట్టింటికి వెళ్లే వీలు లేదు కాబట్టి, ఆ తొమ్మిది నెలలూ నేను అత్తయ్య చట్టం కిందే ఉండాలి.

ఆ చట్టం ఊరికే రాలేదు. నాలుగేళ్ల కిందట నాకు ఒకసారి ఆరో నెలలో కడుపు పోయింది. అప్పటికి మా ముందుగదిలో ఒక ఉయ్యాల వేలాడుతూ ఉండేది. ఎర్రరంగు, పచ్చరంగు వేసిన కొయ్య ఉయ్యాల, అంచులకి చిన్న చిన్న చిలకలు. నేను ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చేసరికి దూలానికి కొక్కెం ఒక్కటే మిగిలింది. దాన్ని ఎవరు తెచ్చారో, ఎవరు తీసేశారో నేను అడగలేదు. మా ఆయన తెచ్చి ఉంటాడనుకున్నాను. ఆయన నేను తెప్పించాననుకున్నాడట. ఇద్దరం ఆ మాట తియ్యకుండా నాలుగేళ్లు గడిపేశాం.

ఈసారీ ఆరో నెల వచ్చింది. అయినా ఇంట్లో ఎవరి నోటా బిడ్డ అన్న మాట రాదు. నా ఉప్పు గురించి, నా కాళ్ల వాపు గురించి, నేను ఎక్కే మెట్ల గురించి మాట్లాడతారు. లోపల ఉన్న మనిషి గురించి మాత్రం ఒక్క ముక్క ఉండదు. పెళ్లివారు వస్తారో రారో తెలియని ఇంట్లో వంట మొదలెట్టకుండా కూర్చున్నట్టు కూర్చున్నారు ఇద్దరూ. నాకు ఏడుపొచ్చేది, దానికంటే ముందు కోపం వచ్చేది. ఈ ఇంట్లో ఎవరో ఒకరు, కడుపులో ఉన్నవాళ్లు నిజంగానే వస్తున్నట్టు, వాళ్లతో ఒక్క మాట మాట్లాడితే చాలనిపించేది. అంతకంటే నేనేమీ కోరుకోలేదు. ఆ మాట ఎవరూ అనకపోయేసరికి, కనీసం ఇంట్లో ఒక వస్తువైనా వాళ్ల కోసం ఎదురుచూస్తూ ఉండాలని పట్టుపట్టాను.

అదే రోజుల్లో ఫోన్లో ఒక వీడియో చూశాను. ఎవరో విదేశీ ఆవిడ, చివికిపోయిన పాత కుర్చీని తీసుకొచ్చి, పీకి, రుద్ది, కొత్త గుడ్డ కొట్టి, పసిబిడ్డని ఒళ్లో వేసుకుని పాలిచ్చే కుర్చీగా మార్చేసింది. నాలుగు నిమిషాల్లో అయిపోయింది. ఆవిడకి చెమట కూడా పట్టలేదు. దసరా సెలవుల్లో నేనూ సత్తెనపల్లి రోడ్డులో పాత కలప అమ్మే చోటికి వెళ్లాను. పడగొట్టిన ఇళ్ల ద్వారబంధాలు, కిటికీలు, స్తంభాలు అక్కడ గుట్టలు పోసి ఉంటాయి. వాటి వెనకాల, ఒక మూల, తలకిందులుగా పడి ఉంది నా కుర్చీ.

టేకుతో చేసిన ఊగే కుర్చీ. కింద వంపు తిరిగిన రెండు చెక్కలు, వెడల్పాటి చేతులు. చెక్క రాయిలా ఉంది కానీ సీటు చిరిగి, లోపలి కొబ్బరిపీచు బయటికి వేలాడుతోంది. అమ్మేవాడు ఇది కొండవీడు కోట చూడటానికి వచ్చిన దొరగారి కుర్చీ అని మొదలెట్టాడు. సీటు ఇట్లా చీల్చింది కూడా ఆ దొరేనా అని అడిగాను. ఆయన చాలా లావుపాటి మనిషి అన్నాడు, ఏమాత్రం తడుముకోకుండా. పీచులో చెయ్యి పెట్టి చూస్తే వేరుశెనగ తొక్కలు, నమిలిన కాగితం ముక్కలు వచ్చాయి. ఏదో ఎలుక అందులో కాపురం పెట్టి పిల్లల్ని కన్నట్టుంది. ఇప్పటికే పురుళ్లు చూసిన కుర్చీ కదా, మంచి శకునమే అనుకుని తీసేసుకున్నాను.

అత్తయ్య చట్టానికి నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. కొత్తది కొనకూడదన్నారు, ఇది పాతది. బిడ్డకి కొనకూడదన్నారు, ఇది నా నడుం నొప్పికి. పైగా కుర్చీలో కూర్చునేది నేను. నా ఒళ్లో ఎవరు కూర్చుంటారన్నది కుర్చీకి సంబంధించిన విషయం కాదు. పరీక్షలో ఏ పిల్లాడైనా ఇట్లాంటి నిరూపణ రాస్తే మార్కులేస్తాను.

కుర్చీని ఇంటికి తీసుకురాలేదు. తిన్నగా వినుకొండ రోడ్డులో ఉన్న సీట్ల షాపుకి పంపించాను. ఆటోలకి, ట్రాక్టర్లకి, బుల్లెట్ బళ్లకి సీట్లు కుట్టే షాపు అది. నడిపే భాయ్‌కి అరవై ఉంటాయి. వాళ్ల నాన్న దూదేకే విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి పరుపులు కుట్టేవాడట. ఈయన చేతికి వచ్చేసరికి అంతా స్పాంజి, రెగ్జినే మిగిలాయి. కుర్చీని చూడగానే ఆయన ముఖం వెలిగిపోయింది. దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, లోపలికి వెళ్లి, గుడ్డల నమూనాలు పట్టుకొచ్చాడు. ఎర్రటి రెగ్జిన్ మీద నల్లటి మంటలు ఒకటి, పులి చారలు ఒకటి, మెరిసే బంగారు రంగు ఒకటి. ఆటోవాళ్లు పులి చారలే అడుగుతారని సలహా కూడా ఇచ్చాడు.

నేను సంచీలోంచి మా ఆయన జీన్సు ప్యాంట్లు నాలుగు తీసి బల్ల మీద పెట్టాను. పొట్ట పెరిగాక అవి ఆయనకి పట్టడం మానేసి చాలా కాలమైంది. అయినా ఎప్పటికైనా పట్టకపోతాయా అని బీరువాలో దాచుకున్నాడు. పుట్టిన బిడ్డ ఒంటికి మొదట తగిలేది ఇంట్లో వాళ్లు వాడి వాడి మెత్తబడిన పాతబట్టే అయి ఉండాలన్నది కూడా అత్తయ్య చట్టంలో ఉంది. నేను చట్టాన్ని అక్షరాలా పాటిస్తున్నాను. భాయ్ ఆ గుడ్డని వేళ్ల మధ్య నలిపి చూసి, ట్రాక్టర్ సీటుకి కూడా ఆగుద్దని మెచ్చుకున్నాడు. ఒక మోకాలి దగ్గర అత్తయ్య ఎప్పుడో నల్లదారంతో రఫ్ఫు చేసిన చోటు ఉంది. దాన్ని వీపు వెనక్కి వచ్చేలా పెడతానన్నాడు. కుడిచేతి పక్క ఒక జేబు అట్లాగే ఉంచమన్నాను. ఇప్పుడు ఆ జేబులో చెయ్యి పెడితే నానిన బిస్కట్ ముక్కలు తగులుతుంటాయి.

వచ్చేముందు ఆయన చేత మాట తీసుకున్నాను. మా ఇంట్లో ఎవరికీ తెలియకూడదని చెప్పాను. ఆయన నా కడుపు వంక ఒకసారి చూసి, తల దించుకుని, "నా నోట్లోంచి రాదు మేడమ్" అన్నాడు.

ఇంట్లో మా ఆయన రెండు రోజులు బీరువా తలకిందులు చేశాడు. చివరికి ఆ ప్యాంట్లు వాళ్లమ్మ పాతబట్టలకి స్టీలు గిన్నెలిచ్చే ఆవిడకి వేసేసిందని తీర్మానించాడు. నేను కాదనలేదు. ఆ గిన్నెలు ఎక్కడున్నాయో నేనూ వెతుకుతానన్నాను.

అత్తయ్యని అడుగుదామంటే ఆవిడ దొరకడం లేదు. ఆ వారం చేను నుంచి ఒక గోతాం నిండా పత్తి తెచ్చుకుని తన గదిలో పెట్టుకుంది. తలుపు దగ్గరికి వేసుకుని, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పత్తిలోంచి గింజలు తీస్తూ కూర్చునేది. గింజలు తలుపు కింది నుంచి దొర్లుకుంటూ ముందుగదిలోకి వచ్చేవి. ఏమిటిదని అడిగితే, కార్తీకమాసానికి లక్ష వత్తులు నోచుకుంటున్నానంది. నాకు నోరు ఊరుకోదు కదా. లక్ష వత్తులకి ఇంత పత్తి పట్టదని, ఈ లెక్కన ఒక్కో వత్తి అప్పడాలకర్రంత ఉంటుందని, వాటితో కృష్ణ ఈ ఒడ్డూ ఆ ఒడ్డూ కలిపి వెలిగించొచ్చని ఏడిపించాను.

"నీ లెక్కలు బళ్లో చెప్పుకోవే" అంది తలుపు వెనక నుంచి.

నాలుగో రోజు స్కూలు నుంచి వచ్చేసరికి గది ఖాళీగా ఉంది, ఊడ్చి ముగ్గేసినట్టు శుభ్రంగా ఉంది. వత్తులేవని అడిగితే అమరావతి వెళ్లే వాళ్లెవరో ఉంటే గుళ్లో ఇమ్మని పంపేశానంది. ఒక్కటి కూడా చూపించకుండా పంపేసినందుకు నాకు ఉక్రోషం వచ్చింది. ఆ లక్షలో ఒక్క వత్తయినా నా కడుపులో ఉన్నవాళ్ల పేర వెలుగుతుందా అని అడగాలని నోటిదాకా వచ్చింది. లేదంటుందేమోనని అడగలేదు.

ఏడో నెల పడ్డాక కుర్చీ ఇంటికొచ్చింది. ట్రాలీ ఆటోలోంచి దాన్ని దించుతుంటే అత్తయ్య వసారాలో కూర్చుని గోంగూర ఆకు తుంచుతోంది. తలెత్తి చూసింది. మళ్లీ గోంగూర తుంచుకుంది. నాకు అక్కడే అనుమానం రావాల్సింది. పక్కింట్లో పోపు వాసన మారితే ఏం కూర అని గోడ మీంచి అడిగే మనిషి ఆవిడ. ఇంట్లోకి ఒక కుర్చీ నడిచొస్తే ఎక్కడిదని అడగలేదు. నేను మాత్రం ముందే తయారుచేసుకున్న ఉపన్యాసం మొత్తం చెప్పేశాను. వెన్నుపూస గురించి, వీపుకి ఆనించుకునే కుర్చీ గురించి, డాక్టరమ్మ గురించి.

"నడుం నెప్పికి కుర్చీ ఊగాలన్నదా డాక్టరమ్మ?" అంది.

ఊగితే రక్తం బాగా తిరుగుతుందన్నాను. ఆవిడ లేచి పెరట్లోకి వెళ్లి ఒక సగం ఇటుక తెచ్చి, వంపుచెక్క కింద అదిమి పెట్టింది. ఖాళీ ఉయ్యాల ఊపకూడదు, ఊగేదేదైనా ఉయ్యాలతో సమానమే అట. గాలికి కూడా కదలకుండా కుర్చీ వసారాలో అట్లా కాలికి బేడీ వేసుకుని నిలబడింది. మనుషులు కూర్చోవచ్చు, ఊగడం మాత్రం కుదరదు. నాకు ఒళ్లు మండింది. అయినా కుర్చీ ఇంట్లోకి వచ్చింది కదా, ఇటుక సంగతి తర్వాత చూద్దామని ఊరుకున్నాను.

సాయంత్రం మా ఆయన డ్యూటీ దిగి వచ్చి, బూట్లు విప్పుకుందామని దాంట్లోనే కూర్చున్నాడు. చెయ్యి అలవాటుగా పక్కనున్న జేబులోకి వెళ్లింది. లోపలి నుంచి మాసిపోయిన బస్సు టికెట్ ఒకటి వచ్చింది. దాన్ని చూశాడు, జేబుని చూశాడు, సీటుని చూశాడు, నన్ను చూశాడు. గొడవ మొదలెట్టడానికి గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు, అంతే, తుమ్ము వచ్చింది. తర్వాత ఇంకోటి. ఆగలేదు. మా ఇంట్లో ఎవరు తుమ్మినా అత్తయ్య చిరంజీవ అంటుంది, ఎక్కడున్నా, ఏ పనిలో ఉన్నా. తుమ్ముకి ఒకటి, ఎక్కువా ఉండదు, తక్కువా ఉండదు. ఆ సాయంత్రం వంటింట్లోంచి వరసగా ఏడు చిరంజీవలు వచ్చాయి, ఏడోదానికి ఆవిడకి ఆయాసం వచ్చింది. ఈలోగా మా ఆయన లేచి, వెనక తడుముకుంటూ, మంటగా ఉందన్నాడు.

నేను పగలబడి నవ్వాను. జీన్సు పోయిన బాధ అక్కడ మండుతోందన్నాను. తర్వాత నేను కూర్చున్నాను. మొదట ఏమీ లేదు. మెత్తగా, హాయిగా ఉంది. రెండు నిమిషాలకి ముక్కు నమనమలాడింది, కళ్లలో నీళ్లు తిరిగాయి, ఆ తర్వాత కింది నుంచి నెమ్మదిగా వెచ్చదనం ఎక్కడం మొదలెట్టింది. పక్కింటి పిన్ని కుర్చీ చూడటానికి వచ్చి, దభీమని కూర్చుంది. ఆవిడ కాస్త భారీ మనిషి. కుట్ల సందుల్లోంచి సన్నగా దుమ్ము లేచింది. తుమ్ముకుంటూ ఇంటికెళ్లి, ఆ కుర్చీలో దొర ఇంకా దిగలేదని వీధంతా చెప్పింది. అత్తయ్య ఒక్కతే ఈ గోలలో కలగజేసుకోలేదు. పాత కుర్చీకి పాత దుమ్ము ఉండక ఏముంటుందంది. తను మాత్రం దాంట్లో కూర్చోలేదు.

నిజానికి పల్నాడులో పుట్టి ఆ ఘాటు పోల్చుకోలేకపోవడం నాకు సిగ్గుచేటు. ఎండాకాలం కల్లాల పక్క నుంచి బస్సులో వెళ్తే కిటికీలు మూసినా ముక్కులోకి వచ్చేది అదే. కానీ కుర్చీలోకి మిరపకాయ ఎట్లా వస్తుంది? మర్నాడు స్కూలు వదలగానే భాయ్ షాపుకి వెళ్లాను.

నన్ను చూడగానే ఆయన మిషన్‌కి నూనె పొయ్యడం మొదలెట్టాడు. అప్పటికే పోసిన మిషన్‌కి. కుర్చీ మండుతోందని చెబితే, అట్లాగా అని నూనెడబ్బాని అడిగినట్టు అడిగాడు. నేను కింద చూశాను. ఆయన కాళ్ల కింద మడతేసిన గోతాం ఉంది. దాని మీద ఎర్ర రంగుతో గుండ్రటి సున్నా, మధ్యలో నిలువు గీత. ప్రతి ఎండాకాలం మా ఆయన సెలవు పెట్టి, చేలో కూర్చుని, గుంటూరు యార్డుకి వెళ్లే మిరపకాయ గోతాలన్నిటి మీదా బ్రష్షుతో వేసే గుర్తు అది. మా ఇంటి మార్కా. ఆ గోతాం తీసి ఒక్కసారి దులిపాను. నేను తుమ్మాను, భాయ్ తుమ్మాడు, సీటు కోసం వచ్చి బయట నిలబడ్డ బుల్లెట్ బండి అతను కూడా తుమ్మాడు.

ఇంక దాచడం కుదరక భాయ్ చెప్పేశాడు. షాపు పక్కనే పిండిమర ఉంది. అత్తయ్య బియ్యప్పిండి పట్టించుకోడానికి వచ్చి, బయట పెట్టిన కుర్చీని చూసింది. ఎవరిదని అడిగితే, నాకిచ్చిన మాట ప్రకారం, ఎవరో తెలియదన్నాడు. కానీ బల్ల మీద కత్తిరించిన జీన్సు ముక్కలున్నాయి. మోకాలి దగ్గర నల్లదారంతో తను వేసిన రఫ్ఫు ఆవిడ గుర్తుపట్టకుండా ఎట్లా ఉంటుంది? ఆ ముక్కని చేతిలోకి తీసుకుని, స్టూలు మీద కూర్చుందట. తర్వాత లోపల ఏం పెడుతున్నావని అడిగింది. స్పాంజి అన్నాడు. స్పాంజి వేడి, పసిదానికి పనికిరాదు, నేను పత్తి తెచ్చేదాకా దాని జోలికి పోవద్దని చెప్పి వెళ్లిపోయింది. వారం తిరక్కుండా గింజ తీసిన దూది గోతాంలో వేసుకుని ఆటోలో దిగింది.

"మీరేమో ఇంట్లో తెలవకూడదన్నారు. ఆమేమో కోడలికి తెలవకూడదంది. ఇద్దరికీ మాటిచ్చా మేడమ్, నన్నేం చెయ్యమంటారు" అన్నాడు భాయ్.

దూది ఘాటుగా ఉన్న సంగతి ఆయనకి అప్పుడే తెలుసట. నింపుతున్నంతసేపూ తుమ్ముతూనే ఉన్నాడట. కానీ అంత పెద్దావిడకి ఆ మాట చెప్పడానికి నోరు రాలేదన్నాడు. వాళ్ల నాన్న ఏకిన దూదిలో కూడా ఒకటీ అరా గింజ తగిలేదట, ఇందులో వెతికినా దొరకలేదట. ఎండలో వేసి దులిపి ఇస్తానని, కాదంటే కొత్త దూది పెడతానని బతిమాలాడు. నాలుగు రోజులు ఆగమన్నాను. ముందు నాకు వేరే పని ఉంది.

దారి పొడుగునా ఆ లక్ష వత్తులు గుర్తొచ్చాయి. తలుపు వెనక వంగి కూర్చున్న వీపు, ముందుగదిలోకి దొర్లొచ్చిన గింజలు. పసిదానికి పనికిరాదు అందట. పసిదానికి. నేను ఆరు నెలలుగా వినాలని కాచుకుని కూర్చున్న మాట, నాతో కాకుండా సీట్ల షాపులో భాయ్‌తో అని వచ్చింది. సంతోషంతో నాకు దుఃఖం వచ్చింది. వెంటనే మంట కూడా వచ్చింది. ఆవిడ చేత ఆ మాట నా ఎదురుగా అనిపించకుండా వదిలేది లేదనుకున్నాను.

ఆదివారం మా ఆయన డ్యూటీకి వెళ్లాక, అత్తయ్యని కుర్చీలో కూర్చోమన్నాను. పనుందంది. కుర్చీ ఎట్లా ఉందో పెద్దవాళ్లు చెప్పాలన్నాను. తర్వాత కూర్చుంటానంది. పిన్ని చెప్పిన దొరకి భయపడుతున్నావా అన్నాను. భయం అన్న మాట ఆవిడ పడదు. చెంగు దోపుకుని వచ్చి, వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంది. నేను ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని, తీరిగ్గా కబుర్లు మొదలెట్టాను.

కౌలు మనిషి సంగతి అడిగాను. ఈ ఏడు పత్తి ఎట్లా ఉందని అడిగాను. ఆవిడ పుట్టింటి వైపు చుట్టాలందరినీ ఒక్కొక్కరినే పేరుపేరునా పరామర్శించాను. ఆవిడ ముక్కు ఎర్రబడింది. కళ్ల నిండా నీళ్లు నిండాయి. వాన పడేట్టుందంది, ఆకాశంలో మబ్బుతునక లేదు. కొంగు అంచుతో కళ్లొత్తుకుని, మళ్లీ నిటారుగా కూర్చుంది. ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు కొద్దిగా ఒరిగింది. మాచర్లలో ఉన్న వాళ్ల మేనత్త మనవడి ఉద్యోగం దాకా వచ్చాం. మండుతోందని మాత్రం ఆవిడ నోట రాలేదు. పావుగంటకి నేనే ఓడిపోయాను.

"అత్తయ్యా, లక్ష వత్తులు మెత్తగా ఉన్నయ్యా?"

ఆవిడ నా వంక చూసింది. ఆ చూపుకి ఎవరైనా లేచి వెళ్లిపోతారు. నేను వెళ్లలేదు.

"భాయ్ చెప్పాడా?"

"మన మార్కా చెప్పింది."

అప్పుడు లేచింది. లేచి, రెండు చేతులతో వెనక గట్టిగా రుద్దుకుంది. ఆ రుద్దుకోవడం చూసి నాకు నవ్వాగలేదు. నన్ను చూసి ఆవిడకీ ఆగలేదు. ఇద్దరం వసారాలో నిలబడి, కళ్ల నీళ్లు కారుతుంటే, అవి నవ్వుకో ఘాటుకో తెలియకుండా నవ్వాం. గోతాం నాలుగుసార్లు దులిపానే అని ఆవిడ ఒట్టు పెట్టుకుంది. నవ్వు తగ్గాక నేను అడిగాను, ఇదంతా దొంగచాటుగా ఎందుకని. ఒక్క మాట నాతో అని ఉంటే ఏం పోయేదని. ఆరు నెలలు నేను ఎంత ఒంటరిగా ఉన్నానో కూడా చెప్పేశాను.

ఆవిడ స్తంభానికి ఆనుకుంది. చేతులకింకా దూది నూగు అంటుకుని ఉన్నట్టు ఒకదానితో ఒకటి తుడుచుకుంది.

"ఆ ఉయ్యాల నేనే కొన్నా" అంది. "తిరునాళ్లలో కనపడింది. అప్పటికి నీకు అయిదో నెల గూడా నిండలా. ఆగలేకపోయా. నువ్వు ఆస్పత్రిలో ఉంటే నేనే మోసుకుపోయి కృష్ణలో ఇడిచొచ్చా."

నా చూపు ముందుగదిలో దూలానికున్న కొక్కెం మీదికి పోయింది.

"ఈసారి నోటితో ఒక్క మాటన్నా అనకూడదు, చేత్తో ఏదీ ముట్టుకోకూడదనుకున్నా. నోరైతే మూసుకున్నా. చెయ్యి ఊరుకోలేదే" అంది.

నాలుగేళ్లుగా ఆ చట్టం నా మీద పెట్టిందనుకున్నాను. ఆవిడ తన మీద తాను పెట్టుకుంది. ఒక ఉయ్యాల కొన్నందుకు తనకి తాను వేసుకున్న శిక్ష అది. పాపం, బస్సులో అంత దూరం ఆ చిలకల ఉయ్యాలని ఒళ్లో పెట్టుకుని ఒక్కతే వెళ్లి ఉంటుంది. నేను అడగలేదు, మా ఆయన అడగలేదు. నాకు సిగ్గేసింది. వెనక్కి జరిగి కుర్చీలో కూలబడ్డాను.

ఆవిడ స్తంభాన్ని వదిలి నా దగ్గరికొచ్చింది. తర్వాత వంగింది. ఆ వయసులో మోకాళ్లు నేలకి ఆన్చి, వంపుచెక్క కింద చెయ్యి పెట్టి, సగం ఇటుకని లాగి పెరట్లోకి విసిరేసింది.

"ఇప్పుడు ఖాళీ కుర్చీ కాదుగా" అంది.

కుర్చీ చేతిని పట్టుకుని మెల్లగా ఒక్క ఊపు ఊపింది. దొరగారి కుర్చీ ఎన్నేళ్లకో కిర్రుమని కదిలింది. ఆ ఊపుకి కుట్ల సందుల్లోంచి మా చేను ఘాటంతా లేచి నా ముక్కులోకి వచ్చింది. కడుపు అదిరేలా తుమ్మాను.

"చిరంజీవ" అంది అత్తయ్య, అలవాటుగా, నా మొహం చూసి.

తర్వాత తన అరచెయ్యి నా కడుపు మీద ఆన్చి, ఇంకాస్త వంగి, మెల్లగా, లోపలికి వినపడాలన్నట్టు, "చిరంజీవ" అంది.

లెక్కల టీచర్ని, అక్కడ పొరబడను. నేను తుమ్మింది ఒక్కసారే.